కారు తెరలే కళ్లకు గంతలైతే...

గత జనవరిలో ఒక రాత్రి ఆగ్రా నుంచి ఢిల్లీకి అద్దె కారులో తిరిగి వస్తున్నాను. యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై పొగమంచు కమ్ముకుంది. ముందు వెళ్తున్న లారీ వెనుక ఎర్రదీపాలు ఒకసారి కనిపించి, మరుక్షణం మాయమవుతున్నాయి. కారు లోపల మాత్రం వెలుగే వెలుగు. డ్యాష్‌బోర్డు మధ్యలో బడిపిల్లల పలకంత తెర. అందులో సగభాగంలో ఏదో హిందీ సినిమా పాట వీడియో, మిగతా సగంలో దారి చూపే మ్యాప్. ఢిల్లీ చేరడానికి ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ మ్యాప్ చెబుతోంది. అక్కడ అనుమతించిన వేగం గంటకు 100 కిలోమీటర్లని కూడా చూపుతోంది. పొగమంచు కారణంగా ఆ రహదారిపై చిన్న వాహనాల వేగ పరిమితిని ఏటా డిసెంబర్ మధ్య నుంచి రెండు నెలల పాటు 75కు తగ్గిస్తారు. ఆ సంగతి రోడ్డు పక్కన బోర్డులకు తెలుసు. పొగమంచులో ఆ బోర్డులు కనపడవు. కళ్లెదుట కనపడే తెరకేమో ఆ సంగతి తెలియదు.

'భయ్యా, ఆ పాట ఆపేయండి, మ్యాప్ చాలు' అన్నాను. 'మీకోసమే పెట్టాను సాబ్. కూర్చున్నవాళ్లకు విసుగు పుట్టకూడదు కదా' అంటూ ఆపాడు. కాసేపటికి తనే మెల్లగా చెప్పాడు: 'నిన్న పొద్దుటినుంచి బండి మీదే ఉన్నాను. ఏదో ఒక చప్పుడు లేకపోతే రెప్పలు వాలిపోతాయి.' మిగిలిన దారంతా నేనే అతనితో మాట్లాడుతూ కూర్చున్నాను. ఊరు, పిల్లలు, కారు అప్పు వాయిదాలు. ఇద్దరమూ క్షేమంగా ఢిల్లీ చేరాం. అందులో ఆ తెర చేసిన సాయం మాత్రం ఏమీ లేదు.

ఆ రాత్రి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. కారులో అమర్చిన తెర ఎవరి కోసం? దాని మీద ఏం కనిపించాలో, ఏం కనిపించకూడదో నిర్ణయించేది ఎవరు? ఈ దేశంలో ఇప్పటివరకు ఆ నిర్ణయం దాదాపు పూర్తిగా మార్కెట్టే చేసింది. ప్రభుత్వం ప్రేక్షకపాత్ర వహించింది. ప్రాణాలు కాపాడగల ఒక సాధనం ఆ ఉదాసీనత వల్ల కొందరికి విలాసవస్తువుగా, అందరికీ ప్రమాదకారణంగా మారుతోంది. ఇది సాంకేతిక సమస్య అనుకుంటే పొరపాటు. ఇది రాజకీయ సమస్య.

అంకెలు ఒకసారి గుర్తుచేసుకుందాం. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. అంటే రోజుకు 462 మంది, గంటకు 19 మంది. మరుసటి ఏడాది ఈ సంఖ్య 1.72 లక్షలు దాటింది. 2022 మృతుల్లో 71 శాతం మంది మరణానికి అతివేగమే కారణమని అదే నివేదిక చెబుతోంది. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు దాదాపు రెండు శాతమే. మరణాల్లో 36 శాతం మాత్రం వాటి మీదే. ఏటా ఒక మోస్తరు పట్టణమంత జనాభా రోడ్డు మీద అంతరించిపోతుంటే, ఏ ఎన్నికల సభలోనైనా అది ప్రధానాంశంగా వినిపించిన గుర్తు నాకు లేదు. 2018 జూలైలో ఢాకాలో ఇద్దరు విద్యార్థులను ఒక బస్సు బలితీసుకున్నప్పుడు బడిపిల్లలు రోడ్డెక్కి, వాహనాలను ఆపి లైసెన్సులు అడిగారు. బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆదరాబాదరాగా కొత్త రవాణా చట్టం తేవలసి వచ్చింది. మనకు అంత ఆగ్రహం కూడా లేదు. మరణాన్ని విధి ఖాతాలో, తప్పును డ్రైవర్ ఖాతాలో వేసి ముందుకు సాగిపోవడం మనకు అలవాటైంది.

డ్రైవర్ తప్పు అన్నప్పుడు అసలు మనం అంటున్నదేమిటి? అతను చూడవలసింది చూడలేదని, చూసినా సకాలంలో చూడలేదని. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 28 మీటర్లు ముందుకు దూకుతుంది. రెండు సెకన్లు చూపు రోడ్డు మీద నుంచి మళ్లితే, 55 మీటర్ల దూరం కళ్లు మూసుకుని నడిపినట్టే. అందుకే అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో వాహన తయారీదారులకు మార్గదర్శకాలు ఇస్తూ, కారులోని ఏ పరికరమూ ఒక్కసారికి రెండు సెకన్లకు మించి డ్రైవర్ చూపును తనవైపు లాగకూడదని, ఒక పని మొత్తం 12 సెకన్ల చూపులో ముగిసిపోవాలని చెప్పింది. కారులో తెరను తూచడానికి ఇంతకంటే సరళమైన తూనికరాయి లేదు. అది డ్రైవర్ చూపును రోడ్డు మీద నిలుపుతోందా, రోడ్డు నుంచి దొంగిలిస్తోందా?

నిలపగల తెరలు ఉన్నాయి. యుద్ధవిమానం నడిపేవాడు తల దించి మీటర్లు చూసే లోపే శత్రువు చేతికి చిక్కుతాడు. అందుకని వేగం, ఎత్తు, గురి అన్నీ ముందున్న అద్దం మీదే కనిపించే ఏర్పాటు చేశారు. దాన్నే హెడ్ అప్ డిస్‌ప్లే అంటారు. 1988లోనే అమెరికాలో ఒక సాధారణ ఉత్పత్తి కారులోకి అది ప్రవేశించింది. మన దేశంలో 2022 నాటికి మధ్యతరగతి కొనే మారుతి బలెనోలోకి కూడా వచ్చింది, కాకపోతే దాని పై శ్రేణిలో. ఇక కెమెరా, రాడార్ సాయంతో ముందున్న వాహనం మరీ దగ్గరైందని హెచ్చరించే వ్యవస్థలు, గీత దాటితే మేల్కొలిపేవి, పక్క అద్దంలో కనపడని బైకును దీపంతో చూపేవి, డ్రైవర్ రెప్పల కదలికను బట్టి కునుకును పసిగట్టేవి. ఇవన్నీ ఈరోజు దుకాణంలో దొరుకుతున్న వస్తువులే. సరైన సమాచారం సరైన క్షణంలో రెండే రెండు గీతల్లో, ఒక్క శబ్దంలో అందితే ప్రాణం నిలుస్తుంది.

మరి మార్కెట్ అమ్మింది ఏమిటి? ఎంత పెద్ద తెర అయితే అంత గొప్ప కారు. చేయి చాపి గుడ్డిగా తిప్పగలిగే మీటలన్నీ మాయమై, అద్దపు పలక మీద బొమ్మలుగా మారాయి. ఒక మీటను వేలు గుర్తుపడుతుంది, బొమ్మను కన్ను మాత్రమే గుర్తుపడుతుంది. చలిగాలి తగ్గించాలన్నా చూపు దించాలి. 2022లో స్వీడన్ మోటారు పత్రిక వీ బిలాగరే ఒక పరీక్ష చేసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో రేడియో మార్చడం, వేడి పెంచడం, తెర వెలుగు తగ్గించడం వంటి నాలుగు పనులు చేయమంది. మీటలున్న 2005 నాటి వోల్వో కారులో ఆ పనులన్నీ 10 సెకన్లలో, 306 మీటర్ల దూరంలో పూర్తయ్యాయి. టచ్‌స్క్రీన్లతో నిండిన కొత్త కార్లలో అన్నిటికంటే వెనుకబడిన దానికి 1,372 మీటర్లు పట్టింది. దాదాపు కిలోమీటరున్నర దూరం డ్రైవర్ మనసు రోడ్డు మీద లేదన్నమాట. 2020లో బ్రిటన్ రవాణా పరిశోధన సంస్థ టీఆర్ఎల్ జరిపిన అధ్యయనం ఇంకా కఠోరమైనది. చట్టం అనుమతించే గరిష్ఠ స్థాయిలో మద్యం తాగినవారి ప్రతిస్పందన 12 శాతం నెమ్మదిస్తే, ఫోనును కారు తెరకు కలిపి వేలితో వాడుతున్నవారి ప్రతిస్పందన 57 శాతం వరకు నెమ్మదించింది.

ఈ పాఠం ఎంత ఖరీదైనదో అమెరికా నౌకాదళానికి తెలుసు. 2017 ఆగస్టు 21న సింగపూర్ సమీపంలో జాన్ ఎస్. మెకెయిన్ అనే యుద్ధనౌక ఒక ట్యాంకరును ఢీకొంది. 10 మంది నావికులు మరణించారు. నౌకను నడిపే టచ్‌స్క్రీన్ వ్యవస్థ సిబ్బందిని గందరగోళపరచిందని దర్యాప్తులో తేలింది. నౌకల వేగాన్ని నియంత్రించేందుకు మళ్లీ చేతితో పట్టుకునే మీటలే పెడతామని నౌకాదళం ప్రకటించింది. యూరప్ కార్ల భద్రతా మూల్యాంకన సంస్థ యూరో ఎన్‌క్యాప్ కూడా 2026 నుంచి మలుపు దీపాలు, హెచ్చరిక దీపాలు, హారన్, అద్దం తుడిచే వైపర్లు, అత్యవసర పిలుపు అనే అయిదింటికి ప్రత్యేక మీటలు లేకపోతే మార్కులు తగ్గించాలని నిర్ణయించింది. తప్పు చేసినవారు దిద్దుకుంటున్నారు. మనం ఇప్పుడిప్పుడే ఆ తప్పులో ఉత్సాహంగా కాలుపెడుతున్నాం.

మన చట్టం చూడండి. చేతిలో ఫోను పట్టుకుని బండి నడిపితే జరిమానా. 2020 అక్టోబర్‌లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా ఫోనును వాడుకోవచ్చు. మంచిదే. కానీ చేతిలో ఉన్నప్పుడు నేరమైన ఫోను, అదే బొమ్మతో పది అంగుళాల తెర మీదకు ఎక్కగానే సౌకర్యంగా మారిపోతుంది. చేతి బ్రేకు వేసి ఉంటే తప్ప వీడియో ఆడకూడదన్న ఏర్పాటు చాలా తెరల్లో ఉంటుంది. ఏ పెద్ద నగరంలోనైనా కారు యాక్సెసరీల బజారుకు వెళ్లండి. ఒక్క తీగ మార్చి అయిదు నిమిషాల్లో ఆ అడ్డు తొలగించి ఇస్తారు. 2023 ఆ మేరకు మనకు ఒక గుణపాఠం నేర్పింది. సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే హెచ్చరికను నోరు మూయించే చిన్న క్లిప్పులు ఆన్‌లైన్‌లో బహిరంగంగా అమ్ముడవుతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గుర్తించి, అయిదు ప్రముఖ ఈ-కామర్స్ సంస్థల నుంచి వాటిని తొలగింపజేసింది. తొలగించిన ప్రకటనలు 13,118. అంతకుముందు ఏడాది సీటు బెల్టు లేక మరణించినవారు 16,715 మంది. హెచ్చరికను భరించలేని సమాజం మరణాన్ని మాత్రం నిశ్శబ్దంగా భరిస్తోంది.

చట్టం గట్టిగా నిలబడితే మార్పు వస్తుందనడానికి నిదర్శనం కూడా మన దగ్గరే ఉంది. 2019 జూలై 1 నుంచి ప్రతి కొత్త కారులో, అది ఎంత చవకదైనా, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక, వెనుక సెన్సర్లు తప్పనిసరి చేశారు. కార్ల పరిశ్రమ కూలిపోలేదు, అమ్మకాలు ఆగలేదు. అయితే అక్కడే ఆగిపోయింది ప్రభుత్వ సంకల్పం. 2022 సెప్టెంబర్‌లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్ఘర్ వద్ద వెనుక సీట్లో బెల్టు లేకుండా మరణించినప్పుడు దేశం కొన్నాళ్లు వెనుక బెల్టు గురించి మాట్లాడుకుంది. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని ముసాయిదా తెచ్చి, వాయిదా వేసి, చివరికి 2023లో తప్పనిసరి చేయబోమని మంత్రిగారే ప్రకటించారు. అదే ఏడాది ఆర్భాటంగా ఆరంభమైన భారత్ ఎన్‌క్యాప్ తొలి నిబంధనలు కారు ఢీకొన్నాక లోపలివారు ఎంత క్షేమమో ప్రధానంగా లెక్కిస్తాయి. ఢీకొనకముందు ఆ కారు తెర డ్రైవర్ చూపును ఎంత దొంగిలించిందో అడగవు.

2019 నాటి వేగ హెచ్చరికలో ఉన్న లోపం చూస్తే మన ఆలోచనలోని లోపమే కనిపిస్తుంది. వేగం 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆగకుండా మోగాలన్నది నియమం. బడి ముందు 60తో దూసుకుపోతే? అది మోగదు. దానికి బడి ఉందని తెలియదు, మలుపు ఉందని తెలియదు, పొగమంచు వేళ పరిమితి మారిందని తెలియదు. అది తన చక్రాల వేగాన్ని మాత్రమే ఎరుగును, రోడ్డును ఎరగదు. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారు, తానున్న రోడ్డు మీద వేగ పరిమితి ఎంతో గుర్తించి, దాటితే డ్రైవర్‌ను హెచ్చరించి తీరాలి. మ్యాప్‌లోని సమాచారం, కెమెరా చదివే బోర్డులు, రెండూ దానికి ఆధారం. అలాంటి వ్యవస్థ ఇక్కడ పనిచేయాలంటే ముందు ప్రభుత్వం తన రోడ్ల గురించి తాను నిజం చెప్పాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

నిజం ప్రభుత్వం దగ్గర లేక కాదు. ఐఐటీ మద్రాస్ రూపొందించిన సమీకృత ప్రమాద సమాచార వ్యవస్థలో పోలీసులు ప్రమాదం జరిగిన చోటును ఫోను నుంచే నమోదు చేస్తున్నారు. మూడేళ్లలో 500 మీటర్ల పరిధిలో 5 తీవ్ర ప్రమాదాలో, 10 మరణాలో సంభవిస్తే జాతీయ రహదారిపై ఆ చోటును బ్లాక్ స్పాట్‌గా ప్రకటించాలని కేంద్రమే నిర్వచించింది. అలాంటివి 13 వేలకు పైగా ఉన్నాయని ఒప్పుకుంది కూడా. ప్రమాదస్థలాలను ముందే హెచ్చరించే యాప్ ఒకటి ప్రభుత్వ భాగస్వామ్యంతో వస్తోందని కొన్నేళ్ల కిందటే ప్రకటనలు వెలువడ్డాయి. అయినా రాత్రి పదింటికి ఒక కొత్త డ్రైవర్ మృత్యుమలుపును సమీపిస్తున్నప్పుడు, తన కారు తెర మీద ఆ హెచ్చరిక కనిపిస్తుందన్న భరోసా ఎవరిస్తారు? ప్రజల రక్తంతో రాసిన ఆ సమాచారం ప్రజల కంటికి ఆనడం లేదు.

అబద్ధం చెప్పే తెర ఏం చేయగలదో 2024 నవంబర్ 24న ఉత్తరప్రదేశ్‌లో చూశాం. బరేలీ, బదాయూ జిల్లాల మధ్య రామగంగపై ఒక వంతెన భాగం వరదకు కొట్టుకుపోయింది. దారి చూపే యాప్‌ను నమ్మి ఆ వంతెన ఎక్కిన కారు నదిలోకి పడిపోయింది. ముగ్గురు మరణించారు. యాప్‌ను తిట్టడం తేలిక. వంతెన తెగిపోయిందని ఆ యాప్‌కు చెప్పవలసింది ఎవరు? వంతెన మొదట్లో గట్టి గోడ కట్టవలసింది ఎవరు? ప్రజాపనుల శాఖ ఇంజనీర్ల మీద కేసు నమోదైందంటే ప్రశ్న సరైన గుమ్మం దాకా వెళ్లినట్టే. కానీ మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షన్ చూడండి. నాసిరకం రోడ్డు వల్ల మరణం సంభవిస్తే రోడ్డు అధికారికి, కాంట్రాక్టరుకు గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. ఒక మంచి టచ్‌స్క్రీన్ ధరతో అటూ ఇటూగా సరిపోయే మొత్తం.

తెరను సరిగా వాడితే ఎలా ఉంటుందో కూడా ఈ దేశం చూసింది. 2021లో నాగపూర్‌లో ఐరాస్తే అనే ప్రాజెక్టు మొదలైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, నాగపూర్ నగర పాలక సంస్థ, ఇంటెల్ వంటివారు ఇందులో భాగస్వాములు. నగర బస్సుల అద్దానికి కెమెరా బిగించి, ముందు మనిషో వాహనమో మరీ దగ్గరైతే కొద్ది సెకన్ల ముందే డ్రైవర్‌ను హెచ్చరించే పరికరాన్ని అమర్చారు. తర్వాత తెలంగాణలోనూ ఆర్టీసీ బస్సులకు అమర్చి హైదరాబాద్ నుంచి విజయవాడ, బెంగళూరు, నాగపూర్ వెళ్లే రహదారులపై నడిపారు. ఇందులో నాకు నచ్చిన అంశం ఒకటుంది. బస్సుకు ఎక్కడెక్కడ పదే పదే హెచ్చరికలు వస్తున్నాయో గమనిస్తే, రేపు ఎక్కడ ప్రమాదం జరగబోతోందో ఈరోజే తెలుస్తుంది. చావులు లెక్కపెట్టి బ్లాక్ స్పాట్ అని పేరు పెట్టే దుస్థితి నుంచి, చావుకు ముందే రోడ్డును సరిదిద్దే స్థితికి దారి అది. ఇది ఎవరి సొంత కారులోనో పుట్టలేదు. పేదవాడు ఎక్కే బస్సులో, ఒక విద్యాసంస్థ చేతుల్లో రూపుదిద్దుకుంది.

అలాంటిది ప్రయోగ దశ దాటి ప్రతి బస్సుకూ ఎందుకు చేరలేదు? 2025 అక్టోబర్ 24 వేకువజామున హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు వద్ద చిన్నటేకూరు దగ్గర, అంతకుముందే జారిపడి రోడ్డు మీద ఉన్న బైకును ఢీకొని ఈడ్చుకెళ్లింది. మంటలు చెలరేగి 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. చీకట్లో, నేలమీద పడి ఉన్న ఆ బైకును కెమెరా కచ్చితంగా గుర్తించి ఉండేదని నేను చెప్పను. కానీ నలభై మందిని నిద్రపుచ్చి నడిపే వాహనంలో డ్రైవర్ రెండు కళ్లకు తోడుగా మూడో కన్ను ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. బస్సులు, లారీల్లో తనంత తాను బ్రేకు వేసే వ్యవస్థ, కునుకు హెచ్చరిక, గీత దాటితే హెచ్చరిక ఉండాలని 2025 మార్చిలో కేంద్రం ముసాయిదా తెచ్చి, 2026 ఏప్రిల్ నుంచి దశలవారీగా అమలు చేయాలని ప్రతిపాదించింది. స్వాగతించదగిన అడుగే. కానీ అది కొత్తగా తయారయ్యే వాహనాలకు. నిన్న తయారై మరో పదేళ్లు రోడ్డు మీద తిరిగే లక్షల బస్సులు, లారీల మాటేమిటి? ఎయిర్‌బ్యాగుల ముసాయిదాకు పట్టిన గతి దీనికి పట్టదని హామీ ఏమిటి?

నా వాదనకు అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. 2022 మృతుల్లో 44.5 శాతం మంది ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవారు, 19.5 శాతం మంది పాదచారులు. కార్లలో తెరల గురించి మాట్లాడటం వీరికి ఏం ఒరగబెడుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ వారిలో ఎంతోమందిని ఢీకొంటున్నవి కార్లు, బస్సులు, లారీలే కదా! పెద్ద వాహనంలో కూర్చున్నవాడి చూపు రోడ్డు మీద ఉండటం అందరికంటే ముందు ఆ వాహనం ముందు నడిచే పేదవాడికి అవసరం. కారులో మనిషిని కాపాడేది బెల్టు. కారు బయట మనిషిని కాపాడేది డ్రైవర్ చూపు ఒక్కటే.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. తెరలు, కెమెరాలు చూపించి ప్రభుత్వం గుంతలు పూడ్చడం మానేస్తుందని. ఆ భయం నాకూ ఉంది. వెలగని వీధి దీపానికి, లేని కాలిబాటకు, తప్పుగా వేసిన డివైడరుకు ఏ తెరా ప్రత్యామ్నాయం కాదు. అందుకే తెర సమాచారాన్ని రోడ్డు అధికారి జవాబుదారీతనంతో ముడిపెట్టాలంటున్నాను. ఫలానా మలుపు ప్రమాదకరమని రోజుకు వెయ్యి కార్లలో హెచ్చరిక మోగుతుంటే, ఆ మలుపును అలాగే వదిలేసిన అధికారి 'నాకు తెలియదు' అనలేడు.

మూడోది శ్రామికుల ప్రశ్న. కునుకును పసిగట్టే కెమెరా యజమాని చేతిలో కొరడాగా మారితే? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని చెప్పింది. ఆ చట్టం ఆయుష్షు అరవై దాటినా, అమలు మాత్రం పసితనంలోనే ఉండిపోయింది. ముప్ఫై ఆరు గంటలు బండి నడిపించి, రెప్ప వాల్చినందుకు జీతం కోసే వ్యవస్థ భద్రతా వ్యవస్థ అనిపించుకోదు. కెమెరా కునుకు పట్టిందని చెప్పిన ప్రతిసారీ విచారణ మొదట యజమాని డ్యూటీ చార్టు మీద జరగాలి, తర్వాతే డ్రైవర్ మీద.

కాబట్టి కోరవలసినవి స్పష్టంగా కోరుదాం. వాహనం నడవడానికి ప్రాణావసరమైన పనులకు చేతితో తాకి గుర్తుపట్టగల మీటలు ఉండాలని చట్టం చెప్పాలి. వాహనం కదులుతున్నంతసేపూ డ్రైవర్‌కు కనిపించే తెర మీద వీడియో ఆడకూడదు. ఆ తాళాన్ని తయారీ దశలోనే బిగించాలి, విప్పి అమ్మే దుకాణాన్ని శిక్షించాలి. వేగ పరిమితి, బ్లాక్ స్పాట్, మూసిన దారి, తెగిన వంతెన, పొగమంచు ఆంక్షల సమాచారాన్ని రోడ్డు ఎవరి ఆధీనంలో ఉంటే వారు ఎప్పటికప్పుడు బహిరంగంగా, ఉచితంగా ప్రకటించాలి. దాన్ని డ్రైవర్ మాతృభాషలో చూపి, వినిపించడం ప్రతి మ్యాప్ సంస్థకూ, ప్రతి కారు సంస్థకూ తప్పనిసరి కావాలి. ఢీకొట్టే ముందు హెచ్చరించే పరికరాన్ని పాత బస్సులు, లారీలకు కూడా ప్రభుత్వ సాయంతో అమర్చాలి. ఇవేవీ కొత్త అధికారాలు కోరవు. నిబంధనలు ఉల్లంఘించిన వాహన తయారీదారుకు 100 కోట్ల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం, లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారం 2019 సవరణ చట్టమే ఇచ్చింది. లేనిది చట్టం కాదు, దాన్ని బయటకు తీసే చేయి.

2024 డిసెంబర్‌లో రవాణా మంత్రి నితిన్ గడ్కరీ లోక్‌సభలో ఒక మాట ఒప్పుకున్నారు. రోడ్డు ప్రమాదాలపై అంతర్జాతీయ సమావేశాలకు వెళ్లినప్పుడు ముఖం దాచుకోవలసి వస్తోందని, తాను మంత్రి అయినప్పుడు ప్రమాదాలను సగానికి తగ్గిస్తానన్నా అవి పెరిగాయని అన్నారు. ఆ నిజాయతీని గౌరవిస్తాను. అయితే సిగ్గు విధానంగా మారనప్పుడు అది సభలో ఒక మధ్యాహ్నపు వార్తగానే మిగిలిపోతుంది. 2030 నాటికి మరణాలను సగం చేస్తామని స్టాక్‌హోమ్‌లో ప్రపంచదేశాలతో కలిసి ఇచ్చిన మాటకు ఇక మిగిలిన సమయం ఎంతో లేదు.

ఆ రాత్రి ఢిల్లీలో నన్ను దింపాక ఆ డ్రైవర్ డబ్బు లెక్కపెట్టుకుని, ఇంజను ఆపకుండానే మళ్లీ తెర వైపు వంగాడు. మరో ప్రయాణికుడి పిలుపు వచ్చింది. 'కాసేపు పడుకోండి భయ్యా' అన్నాను. 'ఇదొక్కటే సాబ్, తర్వాత ఇంటికే' అన్నాడు. ఎక్కడికి వెళ్లాలో, ఎంత వస్తుందో ఆ తెర అతనికి క్షణంలో చెప్పింది. ఎన్ని గంటలుగా నిద్ర లేదో, దారిలో పొగమంచు ఎంత దట్టంగా ఉందో, అక్కడ ఎంత వేగంతో వెళ్లాలో చెప్పలేదు. చెప్పలేక కాదు. చెప్పి తీరాలని దాన్ని ఎవరూ ఆదేశించలేదు.